థ ఒత్తులో చుక్క

మా వదినకు ఒత్తులు రావని మా ఆఫీసువాళ్ళు లోకమంతా చాటింపు వేశారు. ఇరవై ఆరేళ్ళుగా అక్షరాలు తప్ప ఇంకో పని ఎరగని మనిషి గురించి! ఆ చాటింపు నడిచిన నాలుగు రోజులూ నేను అదే ఆఫీసులో, అదే కుర్చీలో కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటూ ఉన్నాను. కోపం చల్లారాక నిదానంగా రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. అది చల్లారే రకం కాదని తేలిపోయింది కాబట్టి వేడివేడిగానే రాస్తున్నాను.

వదిన అంటే మా అన్నయ్య భార్య. అక్షరాలు గీయడం ఆవిడ వృత్తి. "రాయడం" అంటే ఒప్పుకోదు. "రాసేది అందరూ రాస్తారు, నేను గీస్తాను" అంటుంది. దుకాణాల బోర్డులు, పుస్తకాల అట్టలు, సబ్బుపెట్టెల మీద పేర్లు, ఏదైనా సరే. పదహారేళ్ళప్పుడు మేనమామ బోర్డుల షెడ్డులో కుంచె పట్టింది. ఆ మేనమామ ఏడాదిపాటు సున్నాలు తప్ప ఇంకేమీ గీయనివ్వలేదట. గుండ్రం కుదరనిదే తెలుగు అక్షరం కుదరదని ఆయన పట్టు. చదువు పదో తరగతితో ఆగిపోయింది కానీ, ఏ అక్షరానికి ఎక్కడ తలకట్టు ఉంటుందో, ఎక్కడ ఉండదో, ఏ ఒత్తు ఎంత కిందికి దిగాలో ఆవిడ దగ్గర నేర్చుకున్నవే నాకు ఈనాటికీ ఉద్యోగంలో అక్కరకొస్తున్నాయి.

నేను ప్రూఫ్ రీడర్‌ని. అన్నయ్య వాళ్ళింట్లోనే మేడ మీద గదిలో ఉంటాను. ఉప్పుడబ్బా మీద అతికించిన చీటీలో తప్పున్నా పెన్ను తీస్తానని వదిన నాకు "ఎర్రసిరా" అని పేరు పెట్టింది. బజారుకు వెళ్తే నాది ఒక గోల, ఆవిడది ఇంకో గోల. నేను బోర్డుల్లో తప్పులు వెతుకుతాను, ఆవిడ తన అక్షరాలు వెతుక్కుంటుంది. "అదిగో, ఆ మందుల షాపు నాదే. ఆ కళ్ళజోళ్ళ దుకాణంలో 'ళ్ళ' చూడు, ఎంత బాగా కుదిరిందో" అని చూపిస్తుంది. సగం వీధి ఆవిడ చేతిలోంచి వచ్చిందే. కానీ ఆ సగం వీధిలో ఎక్కడా ఆవిడ పేరు లేదు. బోర్డు మీద యజమాని పేరు, పుస్తకం మీద రచయిత పేరు, లోపలి పేజీలో అచ్చువేసినవాడి పేరు, అట్ట గీసినావిడ మాత్రం లేనట్టే. ఇరవై ఆరేళ్ళు అలాగే గడిచాయి.

మా సంస్థ నిఘంటువులు వేస్తుంది. పోయినేడాది మా పెద్ద నిఘంటువును వెబ్‌సైటుగా పెట్టాలని నిర్ణయించారు. ఒక్కో మాటకు ఒక్కో పేజీ, మొత్తం ముప్పై రెండు వేల పేజీలు. ప్రతి పేజీలోనూ నాలుగు శీర్షికలు ఉంటాయి: మాట, అర్థం, వాడుక, పుట్టుక. కంప్యూటర్‌లో దొరికే అక్షరాలు చప్పగా ఉన్నాయి, ఈ నాలుగూ అందంగా గీయించాలన్నారు మేనేజరుగారు. ఆయనకు ఆఫీసులో "చూద్దాం సారు" అని పేరు. ఏ కాగితం తీసుకెళ్ళినా "చూద్దాం" అంటారు, తర్వాత చూడరు. నా నోరు ఊరుకోదు కదా, వదిన పేరు నేనే చెప్పాను.

వదిన ఒకే ఒక్కటి అడిగింది. "పేజీ అడుగున నా పేరు వేయాలి" అని. మేనేజరుగారు "చూద్దాం" అన్నారు. ఆయన కాగితం మీద రాసి సంతకం పెట్టేదాకా నేను ఆ గదిలోంచి కదల్లేదు. "అక్షరచిత్రణ" అని, పక్కన ఆవిడ పూర్తి పేరు. ఆ కాగితం ఇంటికి తెచ్చి చూపిస్తే వదిన చేతులు తుడుచుకుని మరీ అందుకుంది. రెండుసార్లు చదివి, మడతపెట్టి, తన కుంచెల పెట్టెలో అడుగున దాచుకుంది.

పది రోజులు మా భోజనాల బల్ల మీద ఆ నాలుగు మాటలే. అన్నయ్య కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు. "మాట", "వాడుక", "పుట్టుక" మూడూ మూడు రోజుల్లో అయిపోయాయి. మిగిలిన వారమంతా "అర్థం" తినేసింది. ఎందుకంటే ఆ మాటలో ర కింద థ ఒత్తు ఉంటుంది, ఆ ఒత్తు పొట్టలో ఒక చుక్క ఉంటుంది. మాట మొత్తంలో అన్నిటికన్నా చిన్నది అదే. ఆ చుక్క ఉంటేనే అది అర్థం. చుక్క లేకపోతే అర్ధం, అంటే సగం. నా ఉద్యోగంలో రోజుకు పదిసార్లు ఈ తప్పు దిద్దుతాను, చదువుకున్నవాళ్ళు కూడా చేసే తప్పే. వదిన ఆ ఒత్తును మామూలు కన్నా కాస్త వెడల్పుగా గీసింది, చుక్క చుట్టూ తెల్లటి జాగా మిగిలేట్టు.

"వదినా, నీ ఒత్తు కడుపుతో ఉన్నట్టుందే" అన్నాను.

"ఉండనీ. లోపలిది క్షేమంగా ఉంటుంది. నీ పని నువ్వు చూసుకో, ఎర్రసిరా" అంది.

కాగితం మీద గీసి ఊరుకోలేదు. నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్న కంప్యూటర్ మీద ప్రతి అక్షరాన్నీ మళ్ళీ గీతలుగా కట్టింది. రెండు రకాల ఫైళ్ళు చేసింది. ఒకటి గీతల ఫైలు, ఎంత పెద్దది చేసినా, ఎంత చిన్నది చేసినా అంచు చెదరదు. రెండోది బొమ్మ ఫైలు, గీతల ఫైలు ఎక్కడైనా తెరుచుకోకపోతే వాడుకోవడానికి. వాటితోపాటు తన చేత్తో ఒక కాగితం రాసి పెట్టింది: గీతల ఫైలే వాడండి, బొమ్మ వాడితే ఉన్న కొలతలోనే వాడండి, సాగదీయకండి, ఫోటోల రకం ఫైలుగా భద్రపరచకండి, అంచులు మసకబారతాయి. ఇంత స్పష్టంగా రాసిచ్చింది. పెన్‌డ్రైవూ కాగితమూ మేనేజరుగారి చేతికి నేనే ఇచ్చాను. "చూద్దాం" అని సొరుగులో పడేశారు.

ఆ సొరుగు మళ్ళీ తెరవలేదని నాకు తర్వాత తెలిసింది. చూసుకోవడానికని కాగితం మీద అచ్చుతీసిన నకలు ఒకటి కూడా వదిన పంపింది, దాన్ని బల్ల మీద పెట్టి ఫోన్‌తో ఫోటో తీశారాయన. డైరెక్టర్లకు చూపించడానికట. ఆ ఫోటోనే ఫోన్‌లో వాళ్ళకీ వీళ్ళకీ పంపి, అదే పేజీలు కట్టే ఆయనకు కూడా పంపేశారు. ఫోన్‌లో పంపేసరికి బొమ్మ ఒకసారి నలిగింది. పేజీ తొందరగా తెరుచుకోవాలని పేజీలాయన దాన్ని బొటనవేలంత చేసి ఇంకోసారి నలిపాడు. తర్వాత శీర్షిక మరీ చిన్నగా ఉందని డైరెక్టర్లు అంటే, ఆ బొటనవేలంత దాన్నే పట్టుకుని పేజీ వెడల్పుకు సాగదీశాడు. ఇన్ని చేతులు పడ్డాక ఏం మిగులుతుంది? వదిన వారం రోజులు కాపాడిన తెల్లటి జాగా బూడిదరంగు మసకగా మారింది. చుక్క ఆ మసకలో కలిసిపోయింది.

మీరు ప్రూఫ్ రీడర్ కదా, మీరేం చేస్తున్నారని అడుగుతారు. అడగాలి కూడా. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. టైపు చేసిన ప్రతి మాటా నా బల్ల మీదికి వస్తుంది, బొమ్మలు రావు. బొమ్మను చూస్తారు గానీ చదవరు కదా అని ఎప్పుడో ఎవరో పెట్టిన రివాజు. అక్షరాన్ని అందంగా గీయించి బొమ్మగా చేసిన మరుక్షణం అది చదివేవాళ్ళు లేని అక్షరం అయిపోయింది. ముప్పై రెండు వేల పేజీలను కామాలతో సహా దిద్దిన నేను, ప్రతి పేజీ నెత్తిమీదా ఉన్న నాలుగు మాటలు చదవలేదు. సైటు తెరిచిన రోజున మా వదిన పేరు వచ్చిందని చుట్టాలందరికీ పంపాను తప్ప, పైన ఏముందో నేనూ చూడలేదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

మూడో రోజున ఎవరో రిటైరైన తెలుగు మాస్టారు ఉత్తరం రాశారు. "నిఘంటువుకే అర్థం తెలియనప్పుడు మాలాంటివాళ్ళం ఎక్కడికి వెళ్ళాలి?" అని. నాలుగో రోజుకు ఆ పేజీ ఫోటోలు ఫోన్‌లలో తిరిగాయి. "సగం నిఘంటువు" అని పేరు కూడా పెట్టేశారు. ముప్పై రెండు వేల పేజీల మీద ముప్పై రెండు వేల సార్లు అర్ధం, అర్ధం, అర్ధం. ప్రతి పేజీ అడుగునా మాత్రం "అక్షరచిత్రణ" అని వదిన పేరు నిగనిగలాడుతూ ఉంది. అది టైపు అక్షరం కదా, బొమ్మ కాదు, ఎంత పెద్దది చేసినా చెదరదు. బతుకులో మొట్టమొదటిసారి ఆవిడ పేరు నలుగురికీ కనిపించింది, అది కూడా తనది కాని తప్పు కింద.

మేనేజరుగారు నన్ను పిలిపించారు.

"మీ వదినగారు ఎంతవరకు చదువుకున్నారమ్మా?" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, ఆవిడ గీసింది మీ సొరుగులోనే ఉంది. తీసి చూడండి. చుక్క ఉంది" అన్నాను.

"సొరుగులో ఏముంటే ఏంటమ్మా, జనం చూసేది పేజీ. ఆవిడ కొంచెం పెద్ద చుక్క పెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు."

"మీరు ఫోటో తీసి పంపకుండా ఉంటే కూడా ఉండేది కాదు సార్."

ఆయన నా మాట విననట్టే కిటికీ వైపు చూశారు. "ఒక పని చేద్దాం. ఆవిడని మళ్ళీ గీసివ్వమనండి. పేరు కూడా తీసేద్దాం. ఆవిడకే మంచిది, ఇక ఎవరూ ఏమీ అనరు" అన్నారు. ఎంత దయ! ముందు బురద చల్లి, తర్వాత ముఖం కనపడకుండా ముసుగు వేస్తామన్నట్టు ఉంది.

ఈ సంగతి చెబుదామని సాయంత్రం ఇంటికి వచ్చాను. కానీ వదినకు అప్పటికే తెలిసిపోయింది. నోటుపుస్తకాలు వేసే కంపెనీవాళ్ళు ఫోన్ చేశారట, ఆరేళ్ళుగా అట్టలన్నీ ఆవిడ చేతే గీయించుకునేవాళ్ళు. "ఈసారి పిల్లల పుస్తకాలండీ, ఒత్తులవీ ఉంటాయి, వేరేవాళ్ళకి ఇచ్చాం" అన్నారట. వదిన నా ఫోన్ తీసుకుని ఆ పేజీని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ఇంకా పెద్దది చేసింది. తెర నిండా బూడిదరంగు గళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఇది నా అక్షరం కాదు" అంది.

అన్నయ్య మంచివాడే, కానీ గొడవంటే భయం. "పోనీలేవే, ఇంకోసారి గీసిచ్చేయ్. పది నిమిషాల పని నీకు" అన్నాడు.

"తప్పు చేసినవాళ్ళయితే మళ్ళీ గీయాలండీ. నేను చేయలేదు. ఎందుకు గీయాలి?" అంది వదిన. తర్వాత నా వైపు తిరిగి, "పేరు తీయడానికి వీల్లేదని చెప్పు. పేరు అలాగే ఉంచమను. చుక్క పెట్టమను" అంది.

ఆ రెండు మాటలే మర్నాడు మేనేజరుగారికి చెప్పాను. పేరు ఉంటుంది, చుక్క రావాలి. ఆయనకు కోపం వచ్చింది. ఉపకారం చేస్తానంటే వద్దంటారా అని. "అయితే గమనిక పెడదాం. మీరు రాసుకోండి" అని చెప్పసాగారు. "చిత్రకారిణి పొరపాటు వల్ల..." అన్నదాకా రాసి పెన్ను కింద పెట్టాను. "ఇది నేను రాయను సార్" అన్నాను. అక్కడ ఉన్నవాళ్ళంతా తలలు ఎత్తారు. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆయన చెప్పిన పని చేయననడం అదే మొదటిసారి.

ఆయనే టైపు చేసుకున్నారు. మామూలుగా పెడితే ఎవరూ చూడరని లావుపాటి అక్షరాలతో, చుట్టూ తీగల బోర్డరుతో, బొమ్మగా చేయించి సైటు మొదటి పేజీలో పెట్టించారు. ఆ గమనికను చూడనని ఒట్టు పెట్టుకున్నాను. నాలుగు రోజులు ఆ పేజీ వైపు పోలేదు. వదిన కుంచెలన్నీ కడిగి, ఆరబెట్టి, పెట్టెలో సర్దేసింది. పొద్దునే లేచి వంట చేస్తుంది, గిన్నెలు తోముతుంది, భోజనాల బల్లను ఖాళీగా ఉంచి తుడుస్తుంది. అంత శుభ్రంగా ఉన్న ఆ బల్లను చూస్తే నాకు అన్నం దిగేది కాదు.

అయిదో రోజు పొద్దున తల దువ్వుకుంటుంటే కింద నుంచి వదిన నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు, పగలబడి నవ్వు. భయపడి మెట్లు దిగి వచ్చాను. వంటింట్లో ఫోన్ పట్టుకుని గోడకు ఆనుకుని నవ్వుతోంది.

"చదవవే ఎర్రసిరా, గట్టిగా చదువు" అని ఫోన్ చేతికిచ్చింది.

చదివాను. "గమనిక: చిత్రకారిణి పొరపాటు వల్ల మా పేజీలలో 'అర్ధం' అని పడినది. పాఠకులు దానిని 'అర్ధం' అని చదువుకోగలరు."

మళ్ళీ చదివాను. పెద్దది చేసి చదివాను. రెండోదాంట్లో కూడా చుక్క లేదు. మేనేజరుగారు టైపు చేసినప్పుడు ఉండే ఉంటుంది, అంత తప్పు ఆయన చేయరు. కానీ ఆ గమనిక కూడా బొమ్మే. అదే ఫోన్‌లో వెళ్ళింది, అదే విధంగా నలిగింది, అదే విధంగా సాగింది. బొమ్మ కాబట్టి అది కూడా నా బల్ల మీదికి రాలేదు. అర్ధాన్ని అర్ధం అని చదువుకోమని మా నిఘంటువు నాలుగు రోజులుగా జనానికి చెబుతోంది. కింద ఎవరో రాశారు: "అలాగే చదువుకుంటున్నాం, ఇబ్బందేమీ లేదు."

నేను కూడా నవ్వాను. కానీ వదిన నవ్వు ఆగాక ఆవిడ ముఖం చూస్తే అందులో నవ్వు లేదు. "చీర మార్చుకుని వస్తాను, ఉండు. ఇవాళ నీతో ఆఫీసుకి వస్తున్నా" అంది.

మేనేజరుగారి గదిలో వదిన కూర్చోలేదు. ఫోన్ ఆయన బల్ల మీద పెట్టింది.

"సార్, ఈ గమనిక నేను గీశానా?"

"లేదమ్మా. నేనే టైపు చేశాను."

"మీకు ఒత్తులొచ్చా సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏంటమ్మా ఆ ప్రశ్న? నేను తెలుగు ఎమ్మే."

"మరి మీ చుక్క ఏమైంది?"

ఆయన ఫోన్ అందుకుని చదివారు. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. పేజీలాయన్ని పిలిపించారు. ముప్పై ఏళ్ళ మనిషి, ఒక్కడే మొత్తం సైటు మోస్తున్నాడు. "నాకు ఫోన్‌లో ఏదొస్తే అది పెడతానండీ. ఇంకో ఫైలుందని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు లేదు. ఎవరూ చెప్పలేదు మరి. చెప్పాల్సిన కాగితం ఆ గదిలోనే సొరుగులో ఉంది. వదిన తనే వెళ్ళి సొరుగు లాగింది, ఆయన అనుమతి అడగలేదు. పెన్‌డ్రైవ్, కాగితం రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

పేజీలాయన గదిలో రెండు గంటలు కూర్చుంది వదిన. మేనేజరుగారి మీద చూపించిన కోపం అతని మీద ఆవగింజంత కూడా చూపించలేదు. గళ్ళ కాగితం ఒకటి తీసుకుని దాని మీద థ ఒత్తు గీసి చూపించింది. "ఇదిగో బాబూ, బొమ్మంటే ఇదీ. గళ్ళు నింపడమే. గళ్ళు తగ్గించేస్తే చుక్కకి గడి ఎక్కడ దొరుకుతుంది? పక్కదాంట్లో కలిసిపోతుంది. మళ్ళీ సాగదీస్తే గడి పెద్దదవుతుంది గానీ పోయిన చుక్క రాదు. గీతల ఫైలుకి గళ్ళుండవు. ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ వంగాలి, ఎక్కడ ఆగాలి, అంతే ఉంటుంది. ఏ కొలతకైనా అప్పటికప్పుడు కొత్తగా గీసుకుంటుంది" అని.

"గీతల ఫైలు బరువేమో, పేజీ నెమ్మదిస్తుందేమో అనుకున్నానండీ" అన్నాడతను.

పెట్టి చూశారు. ఆ మసక బొమ్మకన్నా అదే తేలిక. అతను నోరు తెరిచి వదిన వైపు చూశాడు. బొమ్మే పెట్టక తప్పని చోట ఏం చేయాలో కూడా చెప్పింది. కనిపించే కొలతకు రెండింతలు చేసి పెట్టాలి, కొత్త ఫోన్‌లు సన్నటి గళ్ళవి కాబట్టి. ప్రతి బొమ్మకూ లోపల దాని మాట టైపు చేసి ఉంచాలి, చూపులేనివాళ్ళ ఫోన్‌లు అది చదివి వినిపిస్తాయి కాబట్టి. అతను అన్నీ రాసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ముప్పై రెండు వేల పేజీల మీదా "అర్థం" వచ్చింది. ఎంత పెద్దది చేసినా ఒత్తులో చుక్క ఒంటరిగా, నల్లగా, చుట్టూ తెల్లటి జాగాతో అలాగే ఉంది.

మేనేజరుగారికి ప్రాణం లేచి వచ్చింది. "చూశారా, అంతా బాగైపోయింది. ఆ గమనిక కూడా తీయించేశాను. ఇక మర్చిపోదాం" అన్నారు.

"మీరు సైటులోంచి తీశారు సార్. చదివినవాళ్ళ బుర్రల్లోంచి తీశారా?" అంది వదిన. "నాలుగు రోజులు నా పొరపాటని పెట్టారు. ఇప్పుడు మీ పొరపాటని పెట్టండి. చుక్క మేం పోగొట్టాం, ఆవిడ సరిగానే గీసింది. ఈ రెండు ముక్కలు చాలు. ఈసారి బొమ్మ వద్దు, టైపులో పెట్టండి."

ఆయన "చూద్దాం" అన్నారు.

వదిన ఇంటికి వెళ్ళిపోయింది. మూడున్నరకు గమనిక నా బల్ల మీదికి వచ్చింది. టైపు కదా, ఈసారి రాక తప్పలేదు. "సాంకేతిక కారణాల వల్ల మా పేజీలలో 'అర్థం' అన్న మాటలో చుక్క పోయింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము." అంతే. వదిన ఊసే లేదు. చుక్క పోయిందట! దానంతటదే లేచి, చెప్పులు వేసుకుని పోయిందన్నమాట. ఎవరూ ఫోటో తీయలేదు, ఎవరూ నలపలేదు, ఎవరూ సాగదీయలేదు. వదిన విషయంలో మాత్రం "చిత్రకారిణి పొరపాటు" అని వేలెత్తి చూపించడానికి వచ్చిన భాష, తమ దగ్గరికి వచ్చేసరికి మనిషే లేని భాష అయిపోయింది.

పెన్ను మూత తీశాను. "సాంకేతిక కారణాల వల్ల" కొట్టేశాను. "పోయింది" కొట్టేసి "మేము పోగొట్టాము" అని రాశాను. చివర "చిత్రకారిణి సరిగానే గీశారు. ఆమె పొరపాటని మేము రాసినది అబద్ధం" అని కలిపాను. అడుగున ఎప్పటిలాగే నా పొడి అక్షరాలు వేసి పేజీలాయనకు ఇచ్చాను. అతను రెండుసార్లు చదివాడు.

"అక్కా, ఇది ప్రూఫేనా?" అన్నాడు.

"ప్రూఫే" అన్నాను.

అతను ఇంకేమీ అడక్కుండా పెట్టేశాడు.

నాలుగున్నరకు మేనేజరుగారి గదిలోంచి కేక వినిపించింది. వెళ్ళాను.

"ఎవరు మార్చమన్నారు?"

"తప్పుంది సార్, దిద్దాను."

"'పోయింది' తప్పెలా అవుతుంది? వ్యాకరణం ప్రకారం సరైనదే కదా!"

"వ్యాకరణం ప్రకారం సరైనదే సార్. జరిగినదాని ప్రకారం తప్పు" అన్నాను.

దాన్ని తీయించలేకపోయారాయన. అప్పటికే ఆ ఉత్తరం రాసిన మాస్టారు చూసి, తప్పు ఒప్పుకున్న సంస్థను మొదటిసారి చూస్తున్నానని నలుగురికీ పంపేశారు. డైరెక్టర్లు ఫోన్ చేసి మేనేజరుగారిని మెచ్చుకున్నారు కూడా. నాకు మాత్రం మెమో వచ్చింది, అనుమతి లేకుండా మార్పులు చేసినందుకు. జవాబు ఇంకా రాయలేదు. ఏమవుతుందో తెలియదు, ఏమైనా కానీ.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వదిన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. గమనిక తెరిచి ఉన్న ఫోన్ ఎదురుగా ఉంది. ఏడుస్తోంది. అన్ని రోజుల్లో ఆవిడ కంట తడి చూడలేదు నేను.

"ఇరవై ఆరేళ్ళలో ఎన్ని బోర్డులు చెడిపోయాయో" అంది. "కొలత తప్పు చెప్పేది వాళ్ళు, పేరు తప్పు రాసిచ్చేది వాళ్ళు, వానలో వదిలేసేది వాళ్ళు. ఎప్పుడూ నా చెయ్యే బాగాలేదనేవారు. మేం పోగొట్టామని ఒక్కడూ అనలేదు. ఈయన అన్నాడు చూడు. చూద్దాం, చూద్దాం అంటూనే, మనిషి మంచివాడే అయ్యాడు."

నేను ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆ మాట ఆయన అనలేదని, నేను రాశానని చెప్పడానికి నోరు రాలేదు. మా ఆఫీసువాళ్ళు మాత్రం ఆ మాట ఇప్పటికీ అనలేదు.